గృహయంత్ర విషయములు: లినక్సు స్థాపన చెడినపుడు

గతమాసమున ఈ శీర్షిక క్రింద, పాతబడిన కంప్యూటరును పాతసామానులవానికి ఇచ్చివేయక, దానియందు లినక్సును స్థాపించి మఱికొన్నియేండ్లు వాడుకొనవచ్చునని వ్రాసియుంటిమి. ఆ మాట నమ్మి పనికి పూనుకొన్న సోదరీమణులలో కొందఱు, పని నడుమ నిలిచిపోయినదనియు, తెర నల్లబడినదనియు, ఇంటివారిచేత మాటపడవలసి వచ్చినదనియు జాబులు వ్రాసిరి. వారికి సమాధానము చెప్పుటకు పూర్వము మా యింట జరిగినదానిని దాచక చెప్పుట న్యాయము. సలహా వ్రాసిన మా చేతిలోనే ఆ పని మొదటిసారి చెడినది. గతమాసపు వ్రాతలో ఆ సంగతి విడిచి, అంతయు సుఖముగా జరుగునట్లు వ్రాయుట మా పొరపాటు.

మా యింటి కంప్యూటరు 2017లో కొన్నది. దానిలోని విండోసు 10కు సామాన్యముగా వచ్చుచుండిన ఉచిత రక్షణ సవరణలు 2025 అక్టోబరు 14వ తేదీతో నిలిచినవి. కొన్ని నియమములకు లోబడినవారికి మఱియొక సంవత్సరము గడువిచ్చిరి గాని, అది గడువే యగునుగదా. విండోసు 11 వేసికొందమన్నచో, ఇంటెలు ప్రాసెసరు గల యంత్రములలో సామాన్యముగా ఎనిమిదవ తరమునుండియే దానికి అర్హత. మాది ఏడవ తరము. యంత్రమునకు రోగము లేదు, తెర చెక్కుచెదరలేదు, మీటలన్నియు పలుకుచున్నవి. అట్టిదానిని అవతల పారవేయుటకు మాకు మనసొప్పలేదు.

ఆ యంత్రములో నేమున్నదో చెప్పినగాని మా భయము మీకు తెలియదు. పదునొకండేండ్ల ఫోటోలున్నవి. అంతకంటె ముఖ్యముగా, మూడేండ్ల క్రిందట గతించిన మా అత్తగారి కంఠమున్నది. ఆమె ఆవకాయ కొలతలును, మాగాయ పెట్టు విధమును, నాలుగు మంగళహారతులును పలుకగా మా అమ్మాయి తన ఫోనులో పట్టి, కంప్యూటరులోనికి దించినది. తరువాత ఆ ఫోను నీళ్లలో పడి పోయినది. కంప్యూటరులో నున్నది తప్ప మఱియొక ప్రతి లేదు. ప్రతి తీసికొనకయే పనికి దిగితిమని వ్రాయుటకు సిగ్గగుచున్నది.

ఒక శనివారము రాత్రి భోజనములైన పిమ్మట మా చిన్నవాడును మేమును కూర్చుంటిమి. లినక్సులో రకములు పెక్కు కలవు గదా; మేము లినక్సు మింట్ 22ను ఎన్నుకొని పెన్ డ్రైవులోనికి ఎక్కించితిమి. ఈ మింట్ కూర్పులకు మొదటినుండియు స్త్రీల పేర్లు పెట్టుచున్నారు. 2006 నాటి మొదటిది ఆడా, 2024లో వచ్చిన 22వది విల్మా. 2021లో వచ్చిన ఒక కూర్పు పేరు ఉమా. మన ఉమాదేవిని తలచియే పెట్టిరో లేదో గాని, మాకా పేరు చూచి ముచ్చటయైనది.

ముచ్చట అంతటితో సరి. పెన్ డ్రైవునుండి యంత్రము లేవకపోగా, మావాడు ఎక్కడనో విన్న సలహా ననుసరించి, యంత్రపు మూలపు అమరికలలోనికి పోయి, యూఈఎఫ్ఐ అని యున్నదానిని లెగసీ అని మార్చెను. అంతట మింట్ లేచినది. స్థాపన ఆరంభింపగా తెరమీద నొక వాక్యము కనబడినది: ఈ కంప్యూటరులో ఏ ఆపరేటింగు సిస్టమును కనబడలేదట! ఎదుట విండోసు ఉండగా లేదనుచున్నదేమని అప్పుడే ఆగవలసినది. మేమా వాక్యమును చదివితిమి, వింతయనుకొంటిమి, దాటిపోతిమి. డిస్కు నంతయు తుడిచివేయుట, మన యిష్టప్రకారము చోటు చూపుట అను రెండు మార్గములే అది చూపగా, రెండవదానిని పట్టుకొని, విండోసునుండి ముందే ఖాళీచేసి యుంచిన నూఱు జీబీల చోటును చూపితిమి. అరగంట నడచి, తుదిలో గ్రబ్ స్థాపన విఫలమైనది, ఇది ప్రాణాంతకమైన దోషము అని ఆంగ్లములో నొక పెట్టె తెరచుకొన్నది. గ్రబ్ అనగా యంత్రము మేలుకొనునపుడు ఏ వ్యవస్థను లేపవలెనో చూచు చిన్న ప్రోగ్రాము. పెన్ డ్రైవు తీసి యంత్రమును మూసి తెఱచితిమి. నల్లని తెర, దానిపై తెల్లని యొక పంక్తి, లేపదగిన డిస్కు లేదని. విండోసును లేదు, లినక్సును లేదు.

మావారు ఒక్కమాటయైన ననక లేచి వరండాలోనికి పోయిరి. ఆ మౌనముకంటె కోపపడినను బాగుండెడిదనిపించినది. మావాడు మాత్రము, “అమ్మా, ఈసారి డిస్కు మొత్తము తుడిచి వేసినచో అడ్డు లేకుండ ఎక్కును” అని ఆ బొమ్మమీదికి బాణము నడిపించెను. వాడు చెప్పినది అబద్ధము కాదు, నిశ్చయముగా ఎక్కియుండును. మేమును “కానిమ్ము” అనబోయి, ఎందుకో చేయి పట్టుకొని, హైదరాబాదులో ఈ వృత్తిలోనే యున్న మా అన్నగారి కుమార్తెకు ఫోను చేసితిమి.

“అత్తయ్యా, ఆ డిస్కులో మఱియొకచోట లేనిదేమైన ఉన్నదా?” అన్నది దాని మొదటి ప్రశ్న. నానమ్మ పాటలున్నవంటిమి. “అయితే ఈ రాత్రి ఇన్‌స్టాల్ అన్న బొమ్మను ఎవరును ముట్టకండి. పెన్ డ్రైవు పెట్టి మింట్‌ను ఊరకే లేపండి” అన్నది.

సోదరీమణులు ఇచ్చట కొంచెము నిలిచి చదువవలెనని కోరుచున్నాము. మింట్ మొదలగు లినక్సులు డిస్కులో స్థాపింపబడకయే, పెన్ డ్రైవునుండియే నడువగలవు. అట్లు నడచునపుడు మనము చెప్పిననే తప్ప డిస్కును ముట్టవు; కాని ఫైళ్లు చూచు కిటికీ తెఱచినచో విండోసు భాగములోని ఫోల్డర్లన్నియు కనబడును. మాకును కనబడినవి. “ఫోటోలు” అను ఫోల్డరు, దాని క్రింద “నానమ్మ” అను ఫోల్డరు, ఉన్నవి ఉన్నట్లే యున్నవి. వెలుపలి హార్డు డిస్కు నొకదానిని తగిలించి అన్నిటికిని ప్రతి తీయుటకు రెండు గంటలకు పైగా పట్టినది. ఆ రెండు గంటలును మావారు ప్రక్కనే కుర్చీ వేసికొని కూర్చుండిరి. స్థాపన చెడినంతమాత్రమున డిస్కులోనివి పోవు. యంత్రమునకు దారి తప్పినదేగాని ఇల్లు కూలలేదు. ఇల్లు కూల్చునది తుడిచివేయు ఆ రెండవ యత్నమే.

మఱునాటి ఉదయమున కారణము తెలిసినది. కంప్యూటరు మేలుకొనుటకు రెండు పద్ధతులు కలవు. పాతది బయాస్ పద్ధతి. 1981లో ఐబీఎం వారి పర్సనల్ కంప్యూటరుతో వచ్చినది. లెగసీ అని పిలుచుచున్నది దీనినే. ఈ పద్ధతిలో యంత్రము డిస్కుయొక్క మొట్టమొదటి గడిని, అనగా 512 బైట్ల చోటును చదివి, అందున్న ఆజ్ఞనుబట్టి ముందుకు పోవును. క్రొత్తది యూఈఎఫ్ఐ పద్ధతి. ఇది ఆ గడిపై ఆధారపడక, డిస్కులో ఇందుకొఱకే కేటాయించిన ఒక చిన్న భాగమును వెదకి, అందలి ఫైలునుబట్టి వ్యవస్థను లేపును. మా విండోసు క్రొత్త పద్ధతిలో నెక్కినది. యంత్రమును పాతపద్ధతికి మార్చిన తరువాత అది మొదటి గడిలో వెదకి, ఏమియు లేదని తిరిగిపోవుచున్నది. పెరటివైపు వాకిలి పెట్టుకొన్న యింటికి చుట్టము వచ్చి వీధివైపు గోడ తట్టి, ఇంట నెవ్వరును లేరని పోయినట్లే. మింట్‌కు విండోసు కనబడకపోవుటకును, గ్రబ్ ఎక్కకపోవుటకును ఇదియే కారణము.

మూలపు అమరికలలో లెగసీని తీసి మఱల యూఈఎఫ్ఐ అని పెట్టి భద్రపఱచితిమి. విండోసు, రాత్రి ఏమియు జరుగనట్లు లేచి వచ్చినది.

పిమ్మట మింట్ సంగతి. యంత్రము తెఱచుకొనునపుడు ఎఫ్12 వంటి యొక మీట నొక్కినచో దేనినుండి లేవవలెనో అడుగు పట్టిక వచ్చును. ఆ మీట యంత్రమునుబట్టి మాఱును. ఆ పట్టికలో ఒకే పెన్ డ్రైవు రెండుమార్లు కనబడవచ్చును: ఒకటి ఊరక, ఒకటి ముందు యూఈఎఫ్ఐ అను అక్షరములతో. రెండవదానినే ఎన్నుకొనవలెను. సరిగా లేచినదా లేదా యని సందేహమున్నచో, పెన్ డ్రైవునుండి నడచుచున్న మింట్‌లో ఫైలు వ్యవస్థ తెఱచి, సిస్ అను ఫోల్డరులో ఫర్మ్‌వేర్ అను ఫోల్డరును, దానిలో ఈఎఫ్ఐ అనుదానిని చూడుడు. ఉన్నచో క్రొత్త పద్ధతి, లేనిచో పాతది. ఇంత చిన్న పరీక్ష ముందే చేసియున్నచో మాకా రాత్రి లేకపోయెడిది.

ఈసారి స్థాపన మొదలుపెట్టగానే విండోసు ఉన్నదని మింట్ తానే చెప్పినది. నిన్నటి నూఱు జీబీల చోటునే చూపి, దానిని మాత్రము తుడిచి వాడుకొమ్మంటిమి. చోటు చూపునపుడు భాగముయొక్క పరిమాణమును ఇద్దఱు చూచుట మంచిది. పేర్లన్నియు ఒకే తీరున నుండి కన్ను మోసపోవును. ఈఎఫ్ఐ అని యుండు చిన్న భాగమును మాత్రము తుడువుమని ఎన్నడును చెప్పరాదు. విండోసును లేపు ఫైలు నున్నది అందులోనే. అరగంటలో పని ముగిసినది. ఇప్పుడు యంత్రము తెఱువగానే, మింట్ కావలెనా విండోసు కావలెనా యని పట్టిక అడుగుచున్నది.

ఇక తక్కిన జాబులు. పెన్ డ్రైవు లేవనే లేదని ఇద్దఱు వ్రాసిరి. దిగుమతి చేసికొన్న ఐఎస్ఓ ఫైలును పెన్ డ్రైవులో ఊరక పెట్టిన చాలదు. ఎచర్, రూఫస్ వంటి సాధనముతో దానిమీద వ్రాయవలెను. ఆ ఫైలు సుమారు 3 జీబీలుండును గనుక దిగుమతిలో చెడుటయు కలదు. మింట్‌వారు ప్రకటించిన 64 అక్షరముల పరీక్షసంఖ్యతో మన ఫైలు సంఖ్యను సరిచూచుకొనవచ్చును. ఒక్క యక్షరము తేడా వచ్చినను ఆ ఫైలు పనికిరాదు.

మింట్ గుఱుతు కనబడి తరువాత తెర నల్లబడుచున్నచో, తఱచుగా అది బొమ్మలు చూపు గ్రాఫిక్సు కార్డుతో వచ్చు చిక్కు. మొదటి పట్టికలో కంపాటిబిలిటీ మోడ్ అనునది ఎన్నుకొని స్థాపించి, పిమ్మట డ్రైవర్ మేనేజరులో తగిన డ్రైవరును వేసికొనుడు. వైఫై పట్టుకొననిచో ఫోనును యూఎస్‌బీ తీగతో తగిలించి, ఫోనులో టెథరింగు తెఱచినచో ఆ పూటకు పని గడచును. అంతయు ఎక్కియు యంత్రము నేరుగా విండోసులోనికే పోవుచున్నచో, మూలపు అమరికలలో వరుసను మార్చి చూడుడు. అట్లు కానిచో పెన్ డ్రైవు మింట్‌లోనే బూట్ రిపేర్ అను సాధనము కలదు.

స్థాపన సమయమున డిస్కే కనబడుట లేదని వ్రాసిన సోదరికి మాత్రము తొందరపడవలదని మనవి. కొన్ని ఇంటెలు యంత్రములలో డిస్కు రెయిడ్ అను అమరికలో నుండి లినక్సుకు కనబడదు. ఏహెచ్‌సీఐ అని మార్చుమని అందఱును చెప్పుదురు గాని, విండోసును ముందుగా సిద్ధము చేయక మార్చినచో విండోసు లేవకపోవచ్చును. ఇది తెలిసినవారిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని చేయవలసిన పని.

అన్నిటికంటె మమ్ము కలతపెట్టిన జాబొకటి కలదు. క్రొత్త ల్యాప్‌టాపులో సెక్యూర్ బూట్ అను అమరికను మార్చినంతనే, 48 అంకెల తాళము చెప్పుమని తెర అడుగుచున్నదట. ఇది బిట్‌లాకర్ అను గూఢలిపి రక్షణ. క్రొత్త యంత్రములలో పెక్కింటిలో మనమడుగకయే ఇది పనిచేయుచుండును. అమరిక మాఱగానే దొంగ వచ్చెననుకొని తలుపు మూసికొనును. ఆ 48 అంకెలు సామాన్యముగా, యంత్రమును మొదట సిద్ధపఱచినవారి మైక్రోసాఫ్టు ఖాతాలో నుండును. కొడుకు పేరనో అల్లుడి పేరనో ఖాతా యున్నచో వారినే అడుగవలెను. ఆ అమరికను మఱల యథాస్థితికి తెచ్చినచో కొన్నిమార్లు అడుగుట మానును. తాళము దొరకనిచో, ఆ డిస్కులోని ఫోటోలను పెన్ డ్రైవు లినక్సు కూడ చూపలేదు. కావున యంత్రమును ముట్టుటకు పూర్వమే ఆ అంకెలను పాలలెక్క వ్రాయు పుస్తకములో వ్రాసికొనుడు. కంప్యూటరులో దాచుట తాళపుచెవిని ఇంటిలోపల పెట్టి బయట నిలుచుటయే యగును.

ఆదివారము సాయంకాలము క్రొత్త మింట్‌లో “నానమ్మ” ఫోల్డరు తెఱచి మొదటిదానిని వినిపించితిమి. మావారు వరండానుండి లోనికి వచ్చిరి. ఉప్పు కొలత చెప్పునపుడు అత్తగారు మధ్యలో ఆగి, స్టవుమీద పాలు చూడుమని ఎవరినో కేకవేసిరి. ఆ కేక ఎవరికో యని మా యింట ఇప్పుడొక తగవు పడినది. మా అమ్మాయి తననేయనుచున్నది.

ప్రింటరు మాత్రము ఇంకను మాట వినుటలేదు. ఆ సంగతి వచ్చుమాసమున.