ప్రాంగణంలో ఆకలి, ప్రాంగణంలోనే పని

అమెరికాలో చదువుకుంటున్న కొడుక్కో కూతురికో ఫోను చేసిన తల్లి మొదట అడిగే ప్రశ్న తిన్నావా అన్నదే. తిన్నాను అమ్మీ అన్న జవాబు క్షణం ఆలస్యం లేకుండా వస్తుంది. అప్పుచేసి పంపిన తల్లిదండ్రులకు మరో దిగులు కలిగించడం ఇష్టంలేని పిల్లలు ఇంకేమి చెబుతారు? అద్దె కట్టి, ఫీజు వాయిదా పక్కన పెట్టి, మిగిలిన డాలర్లతో నెలాఖరు దాకా నెట్టుకు రావలసినప్పుడు మొదట కోత పడేది కంచంలోనే. అద్దె ఆలస్యమైతే ఇంటి యజమాని అడుగుతాడు. ఫీజు ఆలస్యమైతే కళాశాల అడుగుతుంది. భోజనం మానేస్తే అడిగేవారు లేరు.

ఈ కష్టం పరదేశం నుంచి వెళ్లినవారికే పరిమితం కాదు. అమెరికా కాంగ్రెసుకు లెక్కలు అప్పజెప్పే ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం 2024లో వెలువరించిన నివేదిక ప్రకారం, 2020లో ఆ దేశపు కళాశాల విద్యార్థుల్లో 23 శాతం మంది, అంటే సుమారు 38 లక్షల మంది, ఆహారానికి భరోసా లేని స్థితిలో ఉన్నారు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం తన 10 క్యాంపస్‌లలో సర్వే జరిపి 2016లో ప్రకటించిన ఫలితాలు ఇంకా కటువైనవి. అక్కడ 23 శాతం మందికి ఆహార భద్రత తక్కువగా, మరో 19 శాతం మందికి బహు తక్కువగా ఉన్నట్లు తేలింది. ప్రపంచమంతా గౌరవించే విద్యాలయం అది! పట్టా ఎంత గొప్పదైనా, అది చేతికి వచ్చేలోగా కడుపు నింపదు.

ఈ పరిస్థితి నుంచే ఆ క్యాంపస్‌లలో ఒక కొత్త తరహా విద్యార్థి ఉద్యోగం పుట్టింది. ఉచితంగా సరుకులిచ్చే ఫుడ్ ప్యాంట్రీలో పని, విశ్వవిద్యాలయపు తోటలోనో పొలంలోనో పని, తోటి విద్యార్థులకు ప్రభుత్వ ఆహార సహాయానికి దరఖాస్తు నింపిపెట్టే పని. వీటన్నింటినీ కలిపి అక్కడివారు ఆహార న్యాయం అనే మాటతో పిలుస్తున్నారు. ఆ మాట మన పాఠకులకు కొత్తగా తోచనక్కరలేదు. జకాత్ ఇచ్చేవాడు చూపే దయ కాదనీ, పుచ్చుకునేవాడి హక్కు అనీ చిన్ననాటి నుంచి వింటూ వచ్చినవారికి దానానికీ న్యాయానికీ ఉన్న తేడా వేరే చెప్పాలా?

తోట అక్కడ ముందే ఉంది. కాలిఫోర్నియాలోని శాంతాక్రూజ్ క్యాంపస్‌లో అలన్ చాడ్విక్ అనే ఆంగ్లేయుడు 1967లో విద్యార్థులను వెంటబెట్టుకుని ఒక కొండవాలును తవ్వి తోట వేశాడు. డేవిస్ క్యాంపస్‌లో విద్యార్థుల చొరవతోనే 1977లో ఒక పొలం మొదలైంది. అప్పట్లో వారి తపన సేంద్రియ సేద్యం గురించి. తోటి విద్యార్థి ఆకలి చర్చకు రావడానికి ఇంకా కాలం పట్టింది. మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో 1993లో విద్యార్థులే నడిపే ఆహార నిధి వెలిసింది. క్యాంపస్ ప్యాంట్రీలలో మొదటిదిగా దానినే చెబుతారు. తర్వాతి కాలంలో ప్యాంట్రీలు దేశమంతటా పెరిగాయి. క్రమంగా తోటకూ ప్యాంట్రీకీ దారి పడింది. ఉదయం కోసిన ఆకుకూర మధ్యాహ్నానికి ఉచితంగా సరుకుల అరలోకి చేరడం ఇప్పుడు అనేక చోట్ల మామూలు విషయం.

సేవాభావంతో చేయవలసిన పనికి జీతమెందుకని కొందరు పెద్దలు అడుగుతారు. మా అభిప్రాయం వేరు. జీతం లేని సేవకు తీరిక ఉన్నది ఎవరికి? ఇంటి నుంచి డబ్బు వచ్చేవారికే. ఆకలితో ఉన్న విద్యార్థి ఆ 4 గంటలూ ఎక్కడో కూలికి వెళ్లక తప్పదు. కనుక జీతం లేని చోట ఇచ్చేవారు ఒక వర్గంగా, పుచ్చుకునేవారు మరో వర్గంగా మిగిలిపోతారు. గంటకు ఇంత అని కట్టి ఇచ్చినప్పుడు, నిన్న సంచి పట్టుకుని వరుసలో నిలబడినవాడే నేడు బల్లకు ఇవతల నిలబడి సరుకు అందించగలడు. ఆ వరుసలో నిలబడడానికి పడే సిగ్గు అతనికి తెలుసు. అందుకే ఎదుటివాడిని అనవసరమైన ప్రశ్నలు అడగడు.

అమెరికా పౌరులైన విద్యార్థులకు ఇందులో మరో మేలు ఉంది. స్నాప్ అనే ప్రభుత్వ ఆహార సహాయం కళాశాల విద్యార్థులకు సాధారణంగా అందదు. కానీ వారానికి 20 గంటలు జీతానికి పనిచేసేవారికీ, 1964 నాటి చట్టంతో మొదలైన ఫెడరల్ వర్క్ స్టడీ పథకం కింద పనిచేసేవారికీ మినహాయింపు ఉంది. అంటే వర్క్ స్టడీ కింద తోటలో దొరికిన చిన్న ఉద్యోగం జీతంతో పాటు ఆహార సహాయానికీ దారి తెరవగలదు. అర్హత ఉండి కూడా ఆ సహాయం పొందనివారు ఎందరో ఉన్నారు. దరఖాస్తు నింపిపెట్టే విద్యార్థి ఉద్యోగి అవసరం అక్కడే.

మన పిల్లల సంగతి వేరు. ఎఫ్-1 వీసాపై వెళ్లినవారికి స్నాప్ లేదు, వర్క్ స్టడీ లేదు. ప్రకటనలో వర్క్ స్టడీ తప్పనిసరి అని ఉంటే ఆ పనికి దరఖాస్తు పెట్టి ప్రయోజనం లేదు. అయితే విశ్వవిద్యాలయం తన సొంత నిధుల నుంచి జీతమిచ్చే క్యాంపస్ ఉద్యోగాలు వీరికి చట్టసమ్మతమే. తరగతులు నడిచే కాలంలో వారానికి 20 గంటల వరకు, సెలవుల్లో పూర్తికాలం పనిచేయవచ్చు. పనిలో చేరే ముందు విదేశీ విద్యార్థుల కార్యాలయాన్ని సంప్రదించాలి. సోషల్ సెక్యూరిటీ నంబరు కావాలంటే పని ఇచ్చినవారి లేఖతో పాటు ఆ కార్యాలయం లేఖ కూడా అవసరం.

ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉంది. క్యాంపస్ బయట దుకాణాల్లో, పెట్రోలు బంకుల్లో రహస్యంగా నగదుకు పనిచేసే పిల్లల గురించి వినని తెలుగు కుటుంబం నేడు అరుదు. అక్కడ గంటలకు పరిమితి లేదు నిజమే. కానీ అనుమతి లేని పని వీసా నిబంధనల ఉల్లంఘన. దొరికితే చదువు, అప్పు, తల్లిదండ్రుల ఆశ అన్నీ ఒక్కసారిగా కూలతాయి. సంపాదన ధర్మసమ్మతంగా ఉండాలని బోధించే ఇళ్లలో, ఆ సంపాదన దేశ చట్టానికి కూడా సమ్మతమేనా అని ఒకసారి అడగడం కుటుంబ పెద్దల బాధ్యత.

ఇక పరువు మాట. ఇంజనీరు కావడానికి వెళ్లినవాడు పార పట్టడమేమిటని మన బంధువుల్లో ఒకరైనా అంటారు. కెంటకీ రాష్ట్రంలో బెరియా కళాశాల ఉంది. 1855లో బానిసత్వాన్ని వ్యతిరేకించినవారు స్థాపించారు. 1892 నుంచి ట్యూషన్ ఫీజు తీసుకోవడం లేదు. బదులుగా ప్రతి విద్యార్థీ వారానికి కనీసం 10 గంటలు కళాశాలకు పనిచేయాలి. పొలం పని కూడా వాటిలో ఒకటి. ఎవరికీ మినహాయింపు లేనందువల్ల అక్కడ పార పట్టడం పేదరికానికి గుర్తు కాదు.

పని కూడా తేలికేమీ కాదు. తెల్లవారుజామున మంచు తడిలో కోత, కూరలు కడగడం, కట్టలు కట్టడం, తూకం వేసి పుస్తకంలో రాయడం, చల్లటి గదికి చేర్చడం, డబ్బాలపై గడువు తేదీలు చూడడం. ప్యాంట్రీలో ముస్లిం విద్యార్థి ఉంటే మరో మేలు జరుగుతుంది. అక్కడి అరల్లో విరివిగా కనిపించేవి పాస్తా, వేరుశనగ వెన్న, చిక్కుడు గింజల డబ్బాలు. ఉడికించి మెదిపిన చిక్కుళ్ల డబ్బాలు కొన్నింటిలో పంది కొవ్వు కలుస్తుంది. మిఠాయిల్లో జెలటిన్ ఉంటుంది. కావాలని చేసిన అపచారం కాదది, తెలియకపోవడం. తెలిసినవారు లోపల ఉంటే ఒక అరకు హలాల్ చీటీ అంటించడం ఎంతసేపు? రంజాన్‌లో ఉపవాసముండేవారి కోసం ఒక పూట ప్యాంట్రీ ఆలస్యంగా మూయండని అడగగలిగేది కూడా లోపలివారే. తోటలో ఒక మడి అడిగి తీసుకుంటే కొత్తిమీర, మెంతికూర కొద్ది వారాల్లోనే చేతికి వస్తాయి. పప్పులోకి కాస్త మెంతికూర దొరికితే పరాయి దేశంలో ఆ పూట పండుగే.

అలాగని తోటతో ఆకలి తీరుతుందని మేము నమ్మడం లేదు. అద్దెలూ ఫీజులూ పెంచిన ఆకలి అది. నాలుగు మడులతో తగ్గదు. ప్రత్యేక నిధులతో ఏర్పడిన ఉద్యోగాలు ఆ నిధులు ముగియగానే పోతాయి. పొదుపు మాట వచ్చినప్పుడు విద్యార్థుల పని గంటలను తగ్గించడం యాజమాన్యాలకు మహా సులువు. ఇవన్నీ తెలిసి చేరడం మంచిది.

ఒక్క విషయం మాత్రం గుర్తుంచుకోవాలి. చలి ప్రాంతాల్లో పంట ముమ్మరంగా వచ్చేది జులై, ఆగస్టు నెలల్లో. అప్పుడే క్యాంపస్ ఖాళీ అవుతుంది. టమాటాలు పండేవేళకు కోసే చేతులుండవు. అందుకే వేసవిలో పూర్తికాలం పనిచేసేవారి కోసం తోటలు వెతుకుతాయి, మన పిల్లలకు నిబంధనలు అనుకూలించేదీ ఆ నెలల్లోనే. వేసవి వచ్చాక అడిగితే ఆలస్యమవుతుంది. జనవరిలో తరగతులు మొదలైన వారంలోనే తోట నిర్వాహకుల వద్దకు ఒకసారి వెళ్లి పేరు చెప్పి రమ్మనండి.