ఐదు దినముల పరీక్ష



సికింద్రాబాదు అనగానే మన పల్లెలవారికి రైల్వే స్టేషను గుర్తుకు వస్తుంది. కాని ఈ పట్టణము రైలు కోసము పుట్టినది కాదు, సైన్యము కోసము పుట్టినది. 1806లో నిజాము సికిందర్ జా పేరు పెట్టుకున్న నాటినుండి ఇది దండు ఊరే. అందుకే దీనిని లష్కరు అని కూడ అంటారు. తిరుమలగిరి వైపు వెళ్తే సైన్యపు ఎలక్ట్రానిక్స్, మెకానికల్ ఇంజనీరింగ్ కళాశాల ఉంది. ట్యాంకులు, ఫిరంగులు, రాడార్లు నడిచే స్థితిలో ఉంచే ఇంజనీరు అధికారులు అక్కడ శిక్షణ పొందుతారు. బి.టెక్. ముగించిన మన సంఘముల పిల్లలు ఆ గేటు ముందు బస్సులో పోతూ, "మేము కూడ లోపలికి పోగలమా?" అని ఆశపడతారు. ఆ ఆశ మంచిదే. అయితే ఆ గేటుకు దారి ఐదు దినముల పరీక్ష గుండా పోతుంది. ఆ పరీక్ష ఎటువంటిదో ఇంటివారికి తెలియక, ఎన్నో ఇండ్లలో అక్కరలేని దుఃఖము కలుగుతున్నది. అందుకే ఈ నెల దానిని గూర్చి వ్రాస్తున్నాము.

ఈ పరీక్షను సర్వీసెస్ సెలక్షన్ బోర్డు జరుపుతుంది. ఆ బోర్డులు బెంగుళూరు, భోపాలు, ప్రయాగ్‌రాజ్ మొదలైన చోట్ల ఉన్నాయి. సైన్యములో ఇంజనీరింగ్ పట్టభద్రుల టెక్నికల్ ప్రవేశాలకు ముందుగా వ్రాతపరీక్ష ఉండదు. డిగ్రీ మార్కులను బట్టి పిలుపు వస్తుంది. షార్ట్ సర్వీసు పద్ధతిలో ఆడపిల్లలకు కూడ అవకాశమున్నది. పూర్వము బ్రిటిష్ సైన్యములో అధికారి కావాలంటే కొద్ది నిమిషముల ఇంటర్వ్యూలో వంశము, చదివిన బడి చూసేవారు. రెండవ ప్రపంచ యుద్ధములో అలా ఎన్నికైనవారు అనేకులు పనికిరాక పోవడముతో 1942లో కొత్త బోర్డులను ఏర్పరచారు. అభ్యర్థులను కొన్ని దినములు ఒకచోట ఉంచి చూడటము అప్పుడు మొదలైనది. మన దేశము నేటికీ ఆ దారినే అనుసరిస్తున్నది.

మొదటి దినమున అభ్యర్థికి ఛాతీమీద కట్టుకొనే నంబరు ఇస్తారు. ఇక అక్కడ ఉన్నన్నాళ్లు అతడు ఆ నంబరే. తెలివి ప్రశ్నలు అయిన తరువాత ఒక మసక బొమ్మను 30 సెకండ్లు చూపి, నాలుగు నిమిషములలో కథ వ్రాయమంటారు. పిమ్మట గుంపుగా కూర్చుండి ఆ కథను చర్చించాలి. ఆ సాయంకాలమే చాలామందిని ఇంటికి పంపివేస్తారు. మిగిలినవారికి మరునాడు మనస్తత్వ పరీక్షలు. 60 మాటలు ఒక్కొక్కటి 15 సెకండ్లు తెరమీద కనబడతాయి. ప్రతి మాటకు తోచిన వాక్యము వ్రాయాలి. తరువాతి రెండు దినములు మైదానములో పనులు. ఒక పలక, ఒక దుంగ, ఒక తాడు ఇచ్చి, నేల తాకకుండ బరువుతో సహా గుంపంతా అవతలికి దాటాలంటారు. నాయకుడిని ఎవరూ నియమించరు. ఈ మధ్యలోనే ఒక అధికారి ఒంటరిగా కూర్చోబెట్టి చాలాసేపు మాట్లాడతాడు. ఐదవ దినమున అందరు అధికారులు కలిసి కూర్చుండి తీర్మానము చేస్తారు.

మనస్తత్వము చూసే వ్యక్తి, మైదానములో చూసే వ్యక్తి, మాట్లాడి చూసే వ్యక్తి వేరువేరు. ఆఖరి దినము వరకు వారు ఒకరి అభిప్రాయము ఒకరికి చెప్పుకోరు. మనసా, వాచా, కర్మణా మనిషి ఒక్కడేనా అని చూడటమే ఈ ఐదు దినముల ఆంతర్యము. ఒక గంట నటించవచ్చును గాని ఐదు దినములు నటించుట కష్టము. తండ్రి కూలిపని చేస్తాడని చెప్పుటకు సిగ్గుపడి "బిజినెస్" అన్న పిల్లవాడు రెండవ ప్రశ్నకే చిక్కుకుంటాడు. "మా నాన్న కూలి చేసి నన్ను చదివించాడు, సెలవులలో నేను కూడ నాట్లకు పోయాను" అని తలయెత్తి చెప్పినవాడికి చెప్పవలసిన మాట ఇంకా ఎంతో ఉంటుంది. క్రిస్మస్‌కు పందిరి వేయించినది, కేరల్స్‌కు పిల్లలను పోగుచేసి అర్ధరాత్రి భద్రముగా ఇండ్లకు చేర్చినది, వరదలో దిగబడిన బండిని నలుగురితో కలిసి లేపినది, ఇవన్నీ అక్కడ పనికివచ్చే చదువే. ఇంగ్లీషు గొప్పగా లేకపోయినా సూటిగా, నిజముగా మాట్లాడుట నేర్చుకొనుడి. ఎవడో దళారి "నేను చూసుకుంటాను" అంటే పైసా ఇవ్వకుడి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాము. వెళ్లినవారిలో ఎక్కువమంది తిరిగి వస్తారు. వడ్డీకి తెచ్చి కొత్త బట్టలు, బూట్లు కొనిచ్చిన తండ్రి, ఉపవాసముండి ప్రార్థించిన తల్లి, ఆదివారము సంఘములో పేరు చెప్పి ప్రార్థించిన పాస్టరుగారు అందరూ ఎదురుచూస్తుంటారు. పిల్లవాడు సికింద్రాబాదు స్టేషనులో దిగి, ఊరి బస్సు ఎక్కుటకు ధైర్యము చాలక స్నేహితుని గదిలో నాలుగు దినములు దాగుకొనుట మన కుటుంబములకు కొత్త కాదు. "నీ ప్రార్థనలో లోపముంది", "దేవుని చిత్తము కాదేమో" అని మనము తొందరపడి అనే మాటలకు అతడు భయపడుతున్నాడు.

న్యాయాధిపతులు 7వ అధ్యాయమును మరల చదవమని కోరుతున్నాము. గిద్యోనుతో వచ్చినవారు 32,000 మంది. భయపడినవారు వెళ్లవచ్చునన్నప్పుడు 22,000 మంది వెళ్లిపోయారు. మిగిలిన 10,000 మందిని నీళ్లయొద్ద పరీక్షించగా 300 మంది మాత్రమే నిలిచారు. మనము ఎప్పుడును ఆ 300 మందిని గూర్చియే ప్రసంగములు వింటాము. తక్కిన 9,700 మంది సంగతి ఏమి? వారు భయపడినవారు కారు, ఉండుటకే నిలిచినవారు. అయినను ఇంటికి పంపబడ్డారు. దేవుడు వారిని ఒక్క మాటయినా నిందించినట్లు అక్కడ లేదు. జనులు ఎక్కువగా ఉంటే తమ బలముతోనే గెలిచామని ఇశ్రాయేలు అతిశయపడునని దేవుడు కారణము చెప్పాడు. అనగా తగ్గించుటకు కారణము వెళ్లినవారి అయోగ్యత కాదు, నిలిచినవారి గర్వమును గూర్చిన జాగ్రత్త.

అధ్యాయము అంతటితో ముగియలేదు. 23వ వచనము చూడుడి. మిద్యానీయులు పారిపోవునప్పుడు తరుముటకు నఫ్తాలి, ఆషేరు, మనష్షే గోత్రములవారు పిలువబడ్డారు. మొదట గిద్యోనుతో కూడి వచ్చిన గోత్రములే అవి. ఒక పనికి అక్కరలేదని పంపబడిన జనములోనుండియే మరొక పనికి పిలుపు వచ్చినది.

బోర్డు ఒక పనికి మనుష్యులను ఎన్నుకుంటుంది. అది దాని అధికారము. ఒక బిడ్డ విలువ ఇంత అని తేల్చుట దాని పని కాదు, అది కూడ అలా చెప్పుకొనదు. వయోపరిమితి దాటనివాడు మరల దరఖాస్తు పెట్టుకొనవచ్చును. పట్టభద్రుల టెక్నికల్ కోర్సుకు 27 ఏండ్ల వరకు అవకాశమున్నది. రెండవ, మూడవ మారు వెళ్లి నెగ్గినవారున్నారు. వేరే ఉద్యోగములో దేశమునకు, సంఘమునకు ఆశీర్వాదముగా ఉన్నవారు అంతకన్న ఎక్కువమంది.

తలిదండ్రులారా, బిడ్డ ఇంటికి వచ్చిన రాత్రి ఫలితము అడుగకుడి. భోజనము పెట్టుడి. అతడు చెప్పినప్పుడు వినుడి. బంధువులకు జవాబు మీరే ఇయ్యుడి, అతని చేత చెప్పించకుడి. అక్కడ అతనికి ఐదు దినములు నంబరు ఉన్నది. ఇంట అతనికి పేరున్నది. బాప్తిస్మమునాడు సంఘము ఎదుట పలికిన ఆ పేరుతో పిలువుడి.

ఎన్నికైన బిడ్డల ఇంటివారు కూడ ఒక మాట వినుడి. బోర్డు సిఫారసు చేసిన తరువాత వైద్య పరీక్ష ఉంటుంది. దాని తరువాత మెరిట్ జాబితా. అందులో పేరు వచ్చి చేరుటకు ఉత్తరువు అందేవరకు విందులకు అప్పు చేయకుడి. కృతజ్ఞతార్పణ చెల్లించు దినమున, అదే రైలులో వెళ్లి తిరిగి వచ్చిన ఇతర పిల్లలు ఆ వరుసలలోనే కూర్చుండి ఉంటారని మరువకుడి.

వెళ్లుచున్న బిడ్డలకు ధైర్యమును, తిరిగి వచ్చిన బిడ్డలకు నెమ్మదిని, ఎదురుచూచు ఇండ్లకు ప్రేమను ప్రభువు దయచేయును గాక. ఆమేన్.