పిల్లి అడుగులు, దొంగ అడుగులు

ఇంగ్లీషులో ‘స్నీక్’ అనే క్రియ ఉన్నది. ఒకరి కంట బడకుండా, చప్పుడు కాకుండా కదలడం దాని అర్థం. ఆ కదలికలో ఏదో తప్పున్నదనే అనుమానం కూడా సాధారణంగా దానిని అంటిపెట్టుకొని ఉంటుంది. జర్మను భాషలోకి దీనిని మార్చేవారికి మొదట తోచే మాట ‘ష్లైషెన్’. రెండూ ఒకే కుదురు భాషలు గనుక పని సులువనిపిస్తుంది. ‘లోపలికి’, ‘బయటికి’ అనే దిక్కును ఇంగ్లీషు ఒక చిన్న మాటతో చెబితే, జర్మను క్రియకు ముందు ఉపసర్గను చేర్చి చెబుతుంది. అయితే ష్లైషెన్‌లో మెల్లదనమే ముఖ్యం. గడవని కాలానికీ, నత్తనడకన సాగే బండికీ అదే క్రియ చెల్లుతుంది. కళ్ళుగప్పి తప్పుకోవడానికి అక్కడ మరొక పలుకుబడి ఉన్నది. దాని మూలధాతువుకు అర్థం ‘దొంగిలించు’. సోదరభాషల మధ్యనే ఇంత విచక్షణ కావలసి వచ్చినప్పుడు, తెలుగులో ఒక్క మాట చాలునా?

తెలుగులో క్రియ తరచుగా దిక్కును చెబుతుంది: వచ్చాడు, పోయాడు, చొచ్చాడు. నడక తీరు దాని ముందరి మాటలో ఉంటుంది. నక్కి నక్కి వచ్చాడు, చాటుమాటుగా పోయాడు, అడుగులో అడుగు వేసుకుంటూ వెళ్ళింది. ఇది మన భాషకు లోపం కాదు. కదిలేవాని మనస్సును వేరుగా చూపించే వీలు ఇందులోనే ఉన్నది.

ఈ సంగతి గ్రహించడానికి జర్మనీ దాకా పోనక్కరలేదు. మహారాష్ట్ర, కర్ణాటక సరిహద్దుల చేరువనున్న మన మద్నూరు చాలు. మరాఠీవారు ‘చోరపావలాంనీ’ అంటారు. కన్నడిగులు ‘కళ్ళహెజ్జె’ అంటారు. రెండూ దొంగ అడుగులే. తెలుగువారికి పిల్లి అడుగులున్నాయి. పిల్లి పాలకోసమూ పోవచ్చు, ఊరకనే పోవచ్చు. అడుగును చూచి నేరం మోపలేము.

నిద్రించే బిడ్డ లేవకుండా తల్లి గదిలోకి పోయిందనుకొందాము. విద్యార్థి నిఘంటువును నమ్మి ‘దొంగచాటుగా పోయింది’ అని వ్రాస్తే, వ్యాకరణం చెడదు గాని తల్లి దొంగ అవుతుంది. బాకీదారుని చూచి తప్పుకొనేవాడు ‘జారుకొంటాడు’. అతనికి ‘మెల్లగా వెళ్ళాడు’ అని వ్రాస్తే పెద్దమనిషి అవుతాడు. ఒకచోట నింద, మరొకచోట క్షమ, రెండూ అనర్హులకే దక్కుతాయి.

కనుక ఉపాధ్యాయులు ‘ఈ మాటకు తెలుగేమి?’ అని అడగడం చాలదు. ‘వీడెందుకు చప్పుడు చేయలేదు? భయమా, సిగ్గా, ప్రేమా?’ అని అడగాలి. ఆ ప్రశ్నకు సమాధానం వెదకి, ఒక మాటకు బదులు మూడు మాటలు వ్రాసిన విద్యార్థికి మార్కులు తగ్గించరాదు. అనువాదమంటే మాటకు మాట అప్పగించడం కాదు. మనిషికి న్యాయం చేయడం.