గోడకు ఇరువైపుల ఒకే పాఠము

గత విద్యాసంవత్సరము ముగియుచున్న దినములలో ఎనిమిదవ తరగతి బాలిక యొకతె తండ్రి మా పాఠశాలకు వచ్చి, కుమార్తెకు టి.సి. ఇప్పింపుడని కోరెను. "ఇంగ్లీషులో 28 మార్కులు సార్. తెలుగు మీడియంలో వేసిందే మా తప్పు. ఇకనైనా ఇంగ్లీషు మీడియంలో చేర్చుకుంటాము" అని ఆయన చెప్పెను. ఆ మాటలలో కోపము లేదు. దిగులు మాత్రమే కలదు. ఆనాడు నాకు తగిన బదులు తోచలేదు. ఈ వ్యాసము ఆయనకు నేను ఆలస్యముగా ఇచ్చుచున్న బదులు. ఈ హోసూరు ప్రాంతమున బిడ్డలను తెలుగున చదివించుచు, లోలోపల అదే సందేహముతో నున్న తల్లిదండ్రులకును, ఆ సందేహపు బరువును మోయుచున్న విద్యార్థులకును కూడ ఇది వర్తించును.

టి.సి. సిద్ధమగులోపల ఆ బాలిక ఇంగ్లీషు జవాబుపత్రమును తెప్పించి చూచితిని. పుస్తకములు పంపుమని పుస్తక విక్రేతకు లేఖ వ్రాయుట ప్రశ్న. ఆమె వ్రాసినది జ్వరము వలన సెలవు కోరుచు ప్రధానోపాధ్యాయునకు వ్రాయు లేఖ! అందు ఒక్క అక్షరదోషమైనను లేదు. కంఠస్థము చేసిన లేఖ అది. అడిగిన లేఖ కాదు. తరువాతి ప్రశ్న 'ది బాయ్ బ్రోక్ ది విండో' అను వాక్యమును ప్యాసివ్ వాయిస్ లోనికి మార్చుట. ఆమె 'ది విండో బ్రోక్ ది బాయ్' అని వ్రాసినది. కిటికీయే బాలుని విఱుగగొట్టినట్లైనది.

నేను నవ్వలేదు. ఆమెను పిలిచి, తెలుగులో "బాలుడు కిటికీని పగులగొట్టెను" అను వాక్యమును కర్మణి వాక్యముగా మార్చుమంటిని. క్షణమైనను ఆలోచింపక "బాలునిచేత కిటికీ పగులగొట్టబడెను" అని చెప్పినది. ఇంగ్లీషు వాక్యమును చూపి, "ఇందులో 'చేత' అను మాటకు బదులు ఏమి వాడుదురు?" అని అడిగితిని. కొంత తడవు ఆలోచించి "బై" అనెను. "'బడెను' అనుటకో?" అంటిని. ఆమె కన్నులు విప్పారినవి. "వాజ్... సార్, ఇదీ అదీ ఒకటేనా?" అనెను.

ఒకటే. ఆ సంగతి ఆ బాలికకు పాఠశాలను వీడిపోవు దినమున తెలిసినది.

ఈ తప్పు ఎవరిది? ఆమెకు మూడేండ్లు తెలుగు చెప్పినవాడను నేను. కర్తరి వాక్యమును, కర్మణి వాక్యమును ఏటేట బోధించితిని. గోడకు ఆవలి గదిలో అదే వారమున ఇంగ్లీషు ఉపాధ్యాయులు యాక్టివ్ వాయిస్, ప్యాసివ్ వాయిస్ బోధించుచుండిరి. ఒకే పాఠము గోడకు ఇరువైపుల రెండు పేర్లతో నడచినది. ఆ రెండు పేర్లను కలిపి చూపినవారు లేరు. నేను ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధ్యాయ శిక్షణ పొందితిని. తెలుగు చెప్పువాడు తెలుగే చెప్పవలెను, ఇంగ్లీషు మఱియొకరి పని అను భావము నాకు అచ్చట అలవడినది. అచ్చట పెక్కు ఊళ్లలో ఇంటి భాషయు వీధి భాషయు ఒక్కటే కావున ఆ విభజన వలన నష్టము అంతగా కానరాదు. ఇచ్చట బిడ్డ ఇంటిలో తెలుగు, వీధిలో తమిళము, సంతలో కన్నడము వినుచున్నాడు. 2006లో తమిళనాడులో చేసిన చట్టము ననుసరించి పాఠశాలలలో తమిళ పఠనము అంచెలంచెలుగా తప్పనిసరి చేయబడినది. వీటిపైన ఇంగ్లీషు. ఇన్ని భాషల నడుమ నిలిచిన బిడ్డకు ఒక భాషనుండి మఱియొక భాషకు వంతెన వేయుట మన విధి. మనము గోడ కట్టితిమి.

తల్లిదండ్రుల తలంపు నాకు తెలియును: "బరువు ఎక్కువైనది, ఒక భాషను దింపినచో ఇంగ్లీషుకు చోటు దొరకును." ఇది సహజమైన తలంపే. ఇంగ్లీషు మాధ్యమమున బిడ్డ చెవిని ఆ భాష ఎక్కువగా పడునన్న మాటను కూడ నేను కాదనను. కాని దింపుచున్నది దేనిని? బిడ్డ ఏ భాషలో ఆలోచించునో, ఏ భాషలో "నాకు అర్థము కాలేదు" అని చెప్పగలడో, ఆ భాషను. అర్థము తెలియక వల్లించు అలవాటు మాధ్యమము మారినంత మాత్రమున పోదు. అచ్చట లెక్కలకును, విజ్ఞానశాస్త్రమునకును కూడ ప్రాకును.

విద్యార్థులారా, మీ తెలుగు వ్యాకరణ పుస్తకమును ఒకమాఱు తెఱచి చూడుడు. సామాన్య, సంయుక్త, సంశ్లిష్ట వాక్యములు. ప్రత్యక్ష, పరోక్ష కథనములు. కర్తరి, కర్మణి ప్రయోగములు. సర్వనామము, విశేషణము, క్రియ. ఇంగ్లీషు పరీక్షలో మిమ్ములను భయపెట్టు అంశములలో పెక్కు మీకు ముందే పరిచితములు. కాకున్న, పోలిక తెలిసిన చాలదు. భేదము కూడ తెలియవలెను. మార్కులు పోవునది భేదముల వద్దనే. అట్టివి నాలుగు చెప్పెదను.

మొదటిది, క్రియ స్థానము. తెలుగు వాక్యమున క్రియ సాధారణముగా చివర వచ్చును. ఇంగ్లీషున కర్త వెనువెంటనే వచ్చును. "నేను పుస్తకము చదివితిని" అనునది 'ఐ రెడ్ ఎ బుక్' అగును. విభక్తుల తీరును ఇట్టిదే. మనకు "బల్లపైన" అని నామము తరువాత వచ్చునది, వారికి 'ఆన్ ది టేబుల్' అని ముందు వచ్చును. పేరే ప్రిపోజిషన్, అనగా ముందుంచబడినది.

రెండవది, పరోక్ష కథనము. రాముడు "నేను రేపు వచ్చెదను" అనెను. దీనిని మార్చినచో "రాముడు తాను రేపు వచ్చెదనని చెప్పెను" అగును. 'నేను' పోయి 'తాను' వచ్చినది, 'అని' చేరినది. వచ్చుట అను క్రియ కాలము మారలేదు. ఇంగ్లీషున 'అని' అనుటకు 'దట్' వచ్చును, 'ఐ' పోయి 'హీ' వచ్చును. అంతటితో ఆగదు, 'విల్' అనునది 'వుడ్' అగును, 'టుమారో' అనునది 'ది నెక్స్ట్ డే' అగును. తెలుగు బిడ్డ ఈ చివరి రెంటిని మఱచుట బుద్ధిలోపము కాదు. తన భాషలో ఆ మార్పు అవసరము లేకపోవుటయే కారణము. ఆ సంగతి ఒకమాఱు చెప్పినచో చాలు, ఇఁక మఱవడు.

మూడవది, సంశ్లిష్ట వాక్యము. "బాలుడు ఇంటికి వచ్చి భోజనము చేసెను" అని మనము ఒక అసమాపక క్రియతో చెప్పుదుము. ఇంగ్లీషున దీనినే తఱచుగా 'ది బాయ్ కేమ్ హోమ్ అండ్ ఏట్' అందురు. ఇచ్చట క్రియలు రెండును పూర్తియైనవే. నడుమ 'అండ్' వచ్చినది. అనగా మన సంశ్లిష్ట వాక్యము అచ్చట సంయుక్త వాక్యమైనది. పేరు చూచి మోసపోక, వాక్యమున పూర్తి క్రియలెన్ని కలవో లెక్కింపవలెను.

నాలుగవది మీకు సంతోషము కలిగించును. 'ఎ' ఎక్కడ, 'యాన్' ఎక్కడ అను చిక్కు మీకు తెలిసినదే. ఇంగ్లీషు అక్షరమును చూచినచో పొరపడుదుము, చూడవలసినది ధ్వనిని. ఆ మాటను తెలుగు లిపిలో వ్రాసి చూడుడు. 'అవర్' అచ్చుతో మొదలైనది, కావున 'యాన్ అవర్'. 'యూనివర్సిటీ' యకారముతో, అనగా హల్లుతో మొదలైనది, కావున 'ఎ యూనివర్సిటీ'. 'ఎమ్మెల్యే' అచ్చుతో మొదలైనది, కావున 'యాన్ ఎమ్మెల్యే'. ఇంగ్లీషు లిపి దాచిన దానిని మన లిపి బయటపెట్టుచున్నది. తెలుగు చదివిన బిడ్డకు ఇది లాభమా, నష్టమా?

ఇక పఠనము. అపరిచిత గద్యభాగమును చూడగానే తెలియని మాటల క్రింద గీతలు గీయుట, ప్రశ్నలోని ఒక మాట ఎక్కడ కనబడిన ఆ పంక్తిని అట్లే దింపివేయుట మన పిల్లలకు అలవాటైనది. దీనిని మానుడు. మొదట కలము పట్టక కడవఱకు చదివి, "ఇది దేనిని గూర్చినది?" అని తెలుగులో ఒక్క వాక్యము చెప్పుకొనుడు. రెండవమాఱు ప్రశ్నలను చదువుడు. మూడవమాఱు జవాబున్న చోటును వెదకుడు. 'హీ', 'ఇట్', 'దిస్' అను మాటలు ఎవరిని, దేనిని చెప్పుచున్నవో గుర్తింపుడు. దీర్ఘ వాక్యము వచ్చినచో ఎవరు, ఏమి చేసిరి అను రెంటిని ముందు పట్టుకొనుడు. "నిన్న వచ్చిన బాలుడు" అని మనము విశేషణమును ముందుంచుదుము. ఇంగ్లీషున 'ది బాయ్ హూ కేమ్ యెస్టర్‌డే' అని బాలుడే ముందు వచ్చి, అతని కథ వెనుక వచ్చును. పదవ తరగతి పరీక్షలో వ్రాయుట మొదలిడుటకు ముందు ప్రశ్నపత్రమును చదువుటకు 10 నిమిషములు ప్రత్యేకముగా ఇచ్చుచున్నారు. పఠనము అలవడిన వానికి ఆ 10 నిమిషములు వరము. అలవడని వానికి అవి గుండె దడ పెంచు 10 నిమిషములు.

అభ్యాసమునకు గైడు పుస్తకము చాలదు. అందు జవాబులు కలవు. జవాబు పుట్టు మార్గము లేదు. దినమునకు అరగంట చాలును. ఒక నోటు పుస్తకమున ఎడమ పుటలో తెలుగు వాక్యము, కుడి పుటలో దాని ఇంగ్లీషు వాక్యము వ్రాయుడు. ఒకే వాక్యమును కాలము మార్చి వ్రాయుడు: పగులగొట్టబడెను, 'వాజ్ బ్రోకెన్', పగులగొట్టబడుచున్నది, 'ఈజ్ బీయింగ్ బ్రోకెన్', పగులగొట్టబడగలదు, 'విల్ బీ బ్రోకెన్'. 'పగులగొట్ట' అనునది ఎట్లు కదలదో, 'బ్రోకెన్' అట్లే కదలదు. కాలము మారునది దాని ప్రక్క మాటలోనే. ఆ బాలికకు పాఠమంతయు ఈ మూడు పంక్తులలో తెలిసియుండెడిది.

తల్లిదండ్రులారా, "మాకు ఇంగ్లీషు రాదు, మేమెట్లు సాయపడుదుము?" అని మీరందురు. మీరు వినుడు, అదియే సాయము. మందుల డబ్బాపై వ్రాతను, రైలు టికెట్టును, పాఠపుస్తకములోని ఒక పేరాను బిడ్డ బిగ్గఱగా చదివి, అందలి విషయమును ఇంట అవ్వకు తెలుగులో చెప్పవలెను. అవ్వ అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పగలిగినచో బిడ్డకు అర్థమైనట్లు. తడబడినచో మరల చదువవలెను. ఇంతకంటె నిక్కమైన పరీక్షను నేను ఎఱుగను.

ఒక ఆక్షేపణ కలదు: ఇంగ్లీషు తరగతిలో తెలుగు మాట్లాడినచో ఇంగ్లీషు ఎట్లు వచ్చును? ఈ ఆక్షేపణలో సత్యము కలదు. తెలుగు తాళపుచెవి వంటిది. తలుపు తెఱచిన పిమ్మట చెవిని పట్టుకొని వాకిటనే నిలువరాదు; లోనికి నడువవలెను. భేదము తెలిసిన పిమ్మట చదువుట, వ్రాయుట, పలుకుట ఇంగ్లీషుననే సాగవలెను. కాని తలుపు తెఱవకయే లోనికి నడువుమనుట న్యాయము కాదు.

చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1817లో మద్రాసునకు వచ్చి, సెంట్ జార్జి కోట కళాశాలలో తెలుగు నేర్చుకొనెను. ఆయనయు మీవలె భాషలో పరీక్ష ఇచ్చినవాడే. 1840లో ఆయన తెలుగు వ్యాకరణము వెలువడినది. 1852లో తెలుగు ఇంగ్లీషు నిఘంటువు వెలువడినది. ఆ వ్యాకరణమును ఆయన ఇంగ్లీషుననే వ్రాసి, తెలియని భాషను తెలిసిన భాషతో విప్పి తనవారికి చూపెను. ఆంగ్లేయుడు తెలుగు నేర్చుటకు అతని మాతృభాష అడ్డు కాలేదు. తెలుగు బిడ్డ ఇంగ్లీషు నేర్చుటకు మాత్రము తెలుగు ఏల అడ్డగును?

1956లో రాజ్యాంగమున చేరిన 350 ఏ అధికరణము, భాషాల్పసంఖ్యాక వర్గముల బాలలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన వసతులు కల్పింప యత్నింపవలెనని రాష్ట్రములకు చెప్పుచున్నది. హక్కు గ్రంథమున నిలిచియుండును; తరగతి మాత్రము అందు పిల్లలున్నప్పుడే నిలుచును. తెలుగు వలన ఇంగ్లీషు చెడునన్న భయముతో ఒక్కొక్క బిడ్డయే వెడలిపోయినచో, ఎవరును మూయకయే తరగతి మూతపడును. ఆ భయమును మాటలతో పోగొట్టలేము. మన పిల్లలు ఇంగ్లీషు పరీక్షలో అడిగిన లేఖను అడిగినట్లు వ్రాసిననాడు అది పోవును. ఆ భారము ఇంగ్లీషు ఉపాధ్యాయులది ఎంతయో, నాదియు అంతయే.

కావున ఈ సంవత్సరము ఇంగ్లీషు ఉపాధ్యాయులును నేనును వారమునకు ఒక గంట ఒకే గదిలో, ఒకే నల్లబల్ల ముందు నిలుచుటకు నిశ్చయించుకొంటిమి. ఎడమ ప్రక్క తెలుగు వాక్యము, కుడి ప్రక్క ఇంగ్లీషు వాక్యము వ్రాయుదుము. మొదటి పాఠము కిటికీని పగులగొట్టిన బాలునిదే. ఆ పాఠమును అడిగి నాకు నేర్పిన బాలిక మాత్రము ఆ గదిలో ఉండదు.