వేషం అందరిదీ, ఒంటి రంగు ఎవరిది వారిదే

కాస్‌ప్లే నిర్వాహకులకు, న్యాయనిర్ణేతలకు, కాలేజీ క్లబ్బులకు, స్కూళ్ళకు, వేషం కట్టే ప్రతి ఒక్కరికీ విజ్ఞప్తి

2016 సెప్టెంబరు. డిస్నీ సినిమా 'మోవానా' విడుదలకు ఇంకా రెండు నెలలుంది. అమెరికాలో హాలోవీన్ పండుగ కోసం పిల్లల దుస్తులు అప్పటికే అమ్మకానికి వచ్చేశాయి. వాటిలో మావి అనే పాలినేషియన్ వీరుడి వేషం ఒకటి ఉంది. పొడుగు చేతుల గోధుమరంగు చొక్కా, అదే రంగు ప్యాంటు, రెండింటి మీదా అచ్చు వేసిన పచ్చబొట్లు, నడుముకు ఆకుల గుడ్డ. సినిమాలో మావికి చొక్కా లేదు. కాబట్టి ఆ పిల్లల చొక్కా మావి చర్మమే. దాన్ని తొడుక్కున్న పిల్లవాడు ఒక జాతి మనుషుల ఒంటిని ఉదయం వేసుకుని సాయంత్రం విప్పేస్తాడన్న మాట. పసిఫిక్ దీవుల వాళ్ళకు పచ్చబొట్టు వంశాన్ని, హోదాను చెప్పే గుర్తు. ఆ గుర్తుతో పాటు తమ చర్మాన్ని కూడా హ్యాంగరుకు తగిలించి అమ్ముతుంటే వాళ్ళు ఊరుకోలేదు. డిస్నీ క్షమాపణ చెప్పి ఆ దుస్తులను వెనక్కి తీసుకుంది.

మావి వేషం వేయడమే తప్పని ఆ రోజు అభ్యంతరం చెప్పినవాళ్ళలో ఎక్కువమంది అనలేదు. పచ్చబొట్ల చర్మాన్ని అమ్మడం తప్పన్నారు. ఈ కరపత్రం అడిగేదీ అంతే. ఏ దేశపు పాత్రనైనా, ఏ జాతి పాత్రనైనా ఎవరైనా వేయవచ్చు. ఆ పాత్ర ఒంటి రంగును, కంటి తీరును, ముక్కు పెదవుల ఆకారాన్ని మేకప్‌తో తెచ్చిపెట్టుకోకూడదు. ఈ మాటను కాస్‌ప్లే (సినిమా, కామిక్ పాత్రల్లా వేషం కట్టే కళ) నిర్వాహకులు తమ నియమావళిలో రాతపూర్వకంగా పెట్టాలి. పోటీల్లో చర్మం రంగుకు మార్కులు లేవని ముందే ప్రకటించాలి.

కాస్‌ప్లే నిన్న మొన్నటిది కాదు. 1939లో న్యూయార్క్‌లో జరిగిన మొదటి ప్రపంచ సైన్స్ ఫిక్షన్ సమావేశానికి ఫారెస్ట్ అకర్‌మన్, మర్టిల్ డగ్లస్ భవిష్యత్కాలపు దుస్తులు వేసుకుని వచ్చారు. తర్వాత జపాన్‌లో మాంగా, అనిమే అభిమానుల చేతుల్లో అది పెద్ద కళ అయింది. 2003 నుంచి నగోయాలో ప్రపంచ కాస్‌ప్లే సమ్మిట్ జరుగుతోంది. భారత్‌లో 2011లో ఢిల్లీలో కామిక్ కాన్ మొదలైంది. 2013లో అది హైదరాబాద్‌కు వచ్చింది. ఇప్పుడు ఇంజనీరింగ్ కాలేజీల్లో సాంస్కృతికోత్సవం అంటే కాస్‌ప్లే పోటీ కూడా ఉండాల్సిందే. హాస్టల్ గదిలో నేల మీద పాత పేపర్లు పరిచి, ఈవీఏ ఫోమ్ షీట్లను బ్లేడుతో కోసి, హీట్ గన్‌తో వంచి, అంచులకు జిగురు పూసి కవచం తయారుచేసే పిల్లల ఓపిక చూస్తే ముచ్చటేస్తుంది. ఆ పనితనాన్ని కించపరచడం ఇక్కడ ఎవరి ఉద్దేశమూ కాదు. ఆ పనితనానికే విలువ దక్కాలనే ఈ విజ్ఞప్తి.

రంగు పూసుకుంటే ఏమవుతుందని అడిగేవాళ్ళు ముందు ఆ రంగు చరిత్ర తెలుసుకోవాలి. 1830 ప్రాంతంలో థామస్ డార్ట్‌మత్ రైస్ అనే తెల్ల నటుడు ముఖానికి నల్లరంగు పూసుకుని, చిరిగిన బట్టలు వేసుకుని, జిమ్ క్రో అనే నల్లజాతి మనిషిగా గెంతుతూ పాడాడు. జనం విరగబడి చూశారు. దాని వెంట మిన్‌స్ట్రెల్ ప్రదర్శనలు పుట్టుకొచ్చాయి. కాల్చిన బెండు మసి ముఖానికి పట్టించి, పెదవులను లావుగా దిద్దుకుని, బానిసలను సోమరులుగా, దొంగలుగా, బుద్ధిలేని నవ్వుమొహాలుగా చూపించడమే ఆ ప్రదర్శనల సరుకు. అప్పటికి లక్షలాది నల్లజాతి మనుషులు సంకెళ్ళలో ఉన్నారు. తర్వాత దక్షిణాది రాష్ట్రాలు నల్లవాళ్ళను రైలు పెట్టెల్లో, బడుల్లో, ఆఖరికి మంచినీళ్ళ కుళాయిల దగ్గర కూడా వేరుచేస్తూ చేసిన చట్టాలకు జిమ్ క్రో చట్టాలనే పేరు స్థిరపడింది. వేదిక మీది వేషం పేరు చట్టం పేరయింది. బ్రిటన్‌లో బీబీసీ 1958 నుంచి 1978 దాకా, ఇరవై ఏళ్ళ పాటు, ముఖాలకు నల్లరంగు పూసుకున్న గాయకుల కార్యక్రమాన్ని ఇంటింటికీ ప్రసారం చేసింది. ఈ కథంతా తెలిసిన నల్లజాతి మనిషికి, అభిమానంతోనే అయినా సరే, ఎవరో మసి పూసుకుని ఎదురుపడితే ముందు గుర్తొచ్చేది ఆ పాత్ర కాదు.

ఇందులో తెలుగువాళ్ళు గోడ మీద కూర్చుని చూసే ప్రేక్షకులేమీ కారు. 2001లో వాంకూవర్‌లోని ఒక స్కూలు విందులో, అప్పట్లో అక్కడ టీచరుగా ఉన్న జస్టిన్ ట్రూడో, ముఖానికి చేతులకు గోధుమరంగు దట్టంగా పూసుకుని, తలపాగా చుట్టి అల్లాదీన్ అయ్యారు. ఆ ఫోటో 2019 సెప్టెంబరులో, ఎన్నికల నడుమ, టైమ్ పత్రిక బయటపెట్టింది. అప్పటికి ఆయన కెనడా ప్రధాని. తప్పయిందని ఒప్పుకుని క్షమాపణ చెప్పారు. ఆ పూసుకున్న రంగు అరబ్బులదే అనుకోవడానికి లేదు. కెనడాలో ఆ రంగు ఒంటితో బడికి వెళ్ళి మాటలు పడ్డ పిల్లల్లో పంజాబీలున్నారు, తమిళులున్నారు, తెలుగువాళ్ళూ ఉన్నారు. ఆస్టన్ కుచర్ 2012లో చిప్స్ ప్రకటన కోసం గోధుమరంగు పూసుకుని, భారతీయ యాసతో 'రాజ్' అనే పాత్ర వేసినప్పుడు అమెరికాలోని భారతీయులే గట్టిగా అడ్డుచెప్పారు, ఆ ప్రకటన ఆగిపోయింది. 'ద సింప్సన్స్' కార్టూన్‌లో కిరాణా కొట్టు అపూకు తెల్ల నటుడు హ్యాంక్ అజేరియా వెక్కిరింపు యాసతో గొంతిచ్చాడు. బడిలో ఆ గొంతుతో వెక్కిరింపులు పడ్డ తరం మొత్తం ఒకటుంది. ఆ బాధను 2017లో డాక్యుమెంటరీగా తీసి అమెరికా ముందు పెట్టింది హరి కొండబోలు, న్యూయార్క్‌లో పుట్టిన తెలుగింటి బిడ్డ. 2020లో అజేరియా ఇక ఆ గొంతు ఇవ్వనని చెప్పాడు. అక్కడ తమవాళ్ళకు అడిగిన మర్యాదను తెలుగు సమాజం ఇక్కడ ఇంకొకరికి ఇవ్వాలి కదా.

ఇక్కడ అలాంటి వివక్ష లేదనడం చెల్లదు. వెస్టిండీస్ మాజీ కెప్టెన్ డారెన్ సామీ ఐపీఎల్‌లో సన్‌రైజర్స్ హైదరాబాద్‌కు కూడా ఆడాడు. అక్కడ తనను 'కాలూ' అని పిలిచేవారని, అదేదో బలశాలి అనే మెచ్చుకోలు అనుకున్నానని, అసలు అర్థం తర్వాత తెలిసిందని ఆయన 2020 జూన్‌లో చెప్పాడు. ప్రేమతోనే అన్నామన్నారట. 2016లో బెంగళూరులో టాంజానియా విద్యార్థిని మీద గుంపు పడింది. 2017 మార్చిలో గ్రేటర్ నోయిడాలో నైజీరియా విద్యార్థులను మాల్‌లో చితకబాదారు. హైదరాబాద్ టోలీచౌకి ప్రాంతంలో అద్దె ఇల్లు వెతుక్కునే ఆఫ్రికా విద్యార్థిని అడిగితే ఈ జాబితా ఇంకా పెరుగుతుంది. అంతెందుకు, మాసాబ్ ట్యాంక్ పక్కనున్న ఏసీ గార్డ్స్ పేరు నిజాం కాలపు ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ నుంచి వచ్చింది. ఆఫ్రికా మూలాలున్న ఆ సిద్దీ సైనికుల వారసులు నేటికీ ఆ నగరంలో ఉన్నారు. పెళ్ళి బారాత్‌లలో మోగే మర్ఫా సంగీతంలో వాళ్ళ చేయి ఉంది. కామిక్ కాన్‌కు టికెట్ కొనుక్కుని వచ్చే వాళ్ళలో వాళ్ళ మనవలు, మనవరాళ్ళు ఉండవచ్చు. పక్కన ఎవరో ముఖానికి నల్లరంగు పూసుకుని 'బ్లాక్ పాంథర్' అని ఫోటోలు దిగుతుంటే ఆ పిల్లలు ఎటు చూడాలి?

సినిమాలు ఈ అలవాటును ఇంకా లోతుగా నాటాయి. పేదవాడిని చూపించాలంటే తెల్లటి హీరోకు నల్లరంగు పూయడం రివాజయింది. 'గల్లీ బాయ్', 'సూపర్ 30' సినిమాల మీద 2019లో ఈ విమర్శే వచ్చింది. అదే ఏడాది 'బాలా'లో నలుపు వల్ల అవమానపడే అమ్మాయి పాత్రకు కూడా తెల్లటి నటినే తెచ్చి నల్లరంగు పూశారు. వివక్ష మీద తీసిన సినిమాలోనే నల్లటి అమ్మాయికి అవకాశం లేకపోయింది. తెలుగులో 2021 నాటి 'పుష్ప' హీరోకూ ముదురురంగు మేకప్ వేశారు. 'బాహుబలి'లో కాలకేయుల క్రూరత్వాన్ని చూపడానికి వాళ్ళ ఒళ్ళంతా మసిబారిన నలుపు చేశారు. కథ అద్భుతమే, కానీ ఆ రంగుకు కథ ఇచ్చిన అర్థం పిల్లల మనసులో ముద్ర పడకుండా ఉండదు. స్కూలు వార్షికోత్సవాల్లో ఆ ముద్రే బయటపడుతుంది. ఫ్యాన్సీ డ్రెస్ పోటీలో 'ఆదివాసీ' అంటే ఐదేళ్ళ పిల్లవాడికి బొగ్గుపొడి పూసి, ఆకులు కట్టి, చేతిలో కర్ర పెట్టి, నోటికొచ్చిన కేకలు వేయించడం! కోయలు, గోండులు, చెంచులు తెలుగు రాష్ట్రాల్లోనే ఉన్నారు. వాళ్ళ పిల్లలు ఇదే సిలబస్ చదువుతున్నారు. ఈ పోటీ పెట్టే టీచర్లు ఒక్కసారి ఆ పిల్లల పక్కన కూర్చుని వేదిక వైపు చూడాలి.

కాస్‌ప్లేయర్లు చెప్పే వాదన ఒకటుంది, దాన్ని తేలిగ్గా తీసిపారేయలేం. పాత్ర మీద ప్రేమతో పూసుకున్నాం, అచ్చం పాత్రలా ఉండాలి కదా అంటారు. 2019లో యూరో కాస్‌ప్లే పోటీకి ఫ్రాన్స్ తరఫున ఎంపికైన ఒక కాస్‌ప్లేయర్ 'లీగ్ ఆఫ్ లెజెండ్స్' ఆటలోని పైక్ పాత్ర కోసం ఒంటిని నల్లగా చేసుకుంది. నిర్వాహకులు ఆమెను పోటీ నుంచి తప్పించారు. అభిమానుల్లో పెద్ద దుమారం రేగింది. ఆమెలో ద్వేషం లేదన్నది నిజమే కావచ్చు. ఆ కవచం వెనక నెలల కష్టం ఉండే ఉంటుంది. కానీ నిబంధన ముందే స్పష్టంగా, పెద్ద అక్షరాలతో ఉంటే ఆ కష్టం వృథా అయ్యేది కాదు. అసలు సమస్య అక్కడుంది. పోలికకు మార్కులిచ్చి, పోలికలో చర్మం వస్తుందో రాదో చెప్పకపోతే, గెలవాలనుకునే పిల్లలు రంగు డబ్బా వైపే చేయి చాస్తారు. తప్పు వాళ్ళది అనేముందు మార్కుల పద్ధతిని సరిచేయాలి.

ఈ సవరణ మరో వైపు కూడా కాపాడుతుంది. నల్లజాతి అమెరికన్ చాకా కంబర్‌బాచ్ జపాన్ కార్టూన్‌లోని బంగారు జుట్టు సైలర్ వీనస్ వేషం వేసినప్పుడు ఆమె ఒంటి రంగును పట్టుకుని దారుణంగా తిట్టారు. ఆమె వెనక్కి తగ్గలేదు. 2015 ఫిబ్రవరిలో, నెలలోని 28 రోజులూ నల్లజాతి కాస్‌ప్లేయర్ల ఫోటోలు పంచుకునే ఉద్యమం మొదలుపెట్టింది. చామనఛాయ తెలుగు అమ్మాయి కార్టూన్ రాణి ఎల్సా వేషం వేస్తే 'రంగు కుదరలేదు' అని మొహం మీద అనేవాళ్ళు ఇక్కడ కరువా? దశాబ్దాల పాటు 'ఫెయిర్ అండ్ లవ్లీ' పేరుతో అమ్ముడైన క్రీముకు 2020లో పేరు మారింది గానీ, పౌడరు దట్టించుకోమనే సలహా మారలేదు. చర్మం లెక్కలోకి రాదన్న నియమం ఆ అమ్మాయికీ అండ అవుతుంది.

రంగు పూయకుండా పాత్ర పండదా? 'ఎక్స్ మెన్'లోని స్టార్మ్‌ను చూడవచ్చు. తెల్లటి విగ్, మణికట్ల దాకా పరచుకునే కేప్, తెల్ల కాంటాక్ట్ లెన్సులు, చేతులు రెండూ పైకెత్తి నిలబడే తీరు. ఇవి సరిగ్గా కుదిరితే ఏ దేశపు అమ్మాయి వేసినా అది స్టార్మే. మైల్స్ మొరాలిస్ స్పైడర్‌మన్‌కు నలుపు ఎరుపు సూట్, ముసుగు చాలు. 'బ్లాక్ పాంథర్'లోని వకాండా కవచానికి ఫోమ్ మీద గీతలు చెక్కే నేర్పు కావాలి, రంగు డబ్బా అక్కర్లేదు.

హల్క్ పచ్చరంగు, అవతార్ నీలం, తెర మీద రాముడి నీలం సంగతి అడుగుతారు. పూసుకోవచ్చు, ఏ ఇబ్బందీ లేదు. ఆ రంగు ఒంటితో పుట్టి, ఆ రంగు వల్ల అద్దె ఇల్లు దొరకని మనిషి భూమ్మీద లేడు. తిరుపతి గంగమ్మ జాతరలో ఒంటికి నామంకొమ్ము, కుంకుమ, బొగ్గు పూసుకుంటారు కదా అని కూడా అంటారు. అది అమ్మవారికి మొక్కు, ఊరంతా కలిసి చేసే క్రతువు. దానిలో చర్చించాల్సినవి ఉంటే ఆ ఊరివాళ్ళు చర్చిస్తారు. టికెట్ పెట్టి బహుమతులిచ్చే పోటీకి దాన్ని అడ్డం పెట్టుకోవడం భావ్యం కాదు.

అనిమే పాత్రల కోసం కళ్ళ చివరలను టేపుతో పైకి లాగి అతికించుకునే అలవాటూ మానాలి. ఈశాన్య రాష్ట్రాల యువత ఢిల్లీ, హైదరాబాద్, బెంగళూరు వీధుల్లో కళ్ళను చూపిస్తూ వేసే మాటలు రోజూ వింటోంది. 2014 జనవరిలో అరుణాచల్ యువకుడు నిడో తానియా ఢిల్లీలో దెబ్బలు తిని చనిపోయాక కేంద్రం ఈశాన్యం వాళ్ళ సమస్యల మీద బెజ్‌బరువా కమిటీ వేయాల్సి వచ్చింది. భారత్‌లో కాస్‌ప్లేను అందరికన్నా ముందే ప్రేమించి పెంచిన చోట్లలో నాగాలాండ్ ఒకటి. ఆ పిల్లలు ఇక్కడి పోటీకి వస్తే వాళ్ళ ముఖాలే వేషాలై ఎదురుపడకూడదు.

కాబట్టి నిర్వాహకులు చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. టికెట్ పేజీలోనూ, పోటీ దరఖాస్తులోనూ, ప్రాప్ ఆయుధాల నిబంధన పక్కనే, తెలుగులో ఇంగ్లీషులో ఉర్దూలో ఈ నియమం అచ్చవ్వాలి. న్యాయనిర్ణేతల మార్కుల పత్రంలో కుట్టు, ప్రాప్, విగ్, నటన అనే గడులుండాలి, చర్మం పోలిక అనే గడి ఎక్కడా ఉండకూడదు. న్యాయనిర్ణేతల బల్ల దగ్గర ముదురురంగు కాస్‌ప్లేయర్లకు, ఈశాన్యం వాళ్ళకు చోటుండాలి. కాలేజీ క్లబ్బులు నమోదు రోజే ఈ మాట చెప్పాలి. స్కూళ్ళు 'ఆదివాసీ', 'నీగ్రో' లాంటి ఫ్యాన్సీ డ్రెస్ అంశాలను జాబితా నుంచి తీసేసి, కొమురం భీమ్ లాగానో, సెరెనా విలియమ్స్ లాగానో పేరున్న మనిషిగా, ఆ మనిషి చేసిన పనిని చెబుతూ రమ్మని పిల్లలను అడగాలి. బొగ్గు, రంగు లేకుండా.

అయినా ఎవరో ఒకరు తెలియక పూసుకుని వస్తారు. గేటు దగ్గర వాళ్ళను ఆపి అవమానించడం, ఫోటో తీసి ఊరంతా తిప్పడం వద్దు. పక్కన ఒక గది, అద్దం, నీళ్ళు, మేకప్ తుడిచే వైప్స్, విషయం ఓపిగ్గా వివరించే ఒక వాలంటీర్ ఉంటే చాలు. రంగు తుడుచుకుని, అదే కవచంతో, అదే విగ్‌తో, అదే పేరుతో వాళ్ళను పోటీకి పంపాలి.