సిద్ధాంతానికి సొంతదారెవరు?

2023లో కల్యంపూడి రాధాకృష్ణారావుకు అంతర్జాతీయ సాంఖ్యకశాస్త్ర బహుమతి ప్రకటించగానే మనవాళ్లది ఒకటే కేక: "మా తెలుగువాడు!" అదే ఏడు ఆయన కన్నుమూశాడు; కేకా సద్దుమణిగింది. ఆయన నిరూపించినదేమిటో విచారించినవారు ఎందరు?

నమూనాను చూసి మొత్తాన్ని అంచనా కట్టేటప్పుడు, నిష్పాక్షికమైన అంచనా ఎంత మంచిదైనా దాని విస్తృతి ఒక హద్దుకు దిగువకు పోదు. 1945లో కలకత్తా గణిత సంఘం పత్రికలో రావు ఈ హద్దును చూపాడు. 1946లో స్వీడన్ దేశీయుడు క్రామర్ గ్రంథంలోనూ అది వెలువడింది. మన మదనపల్లె కుర్రవాడు పరీక్షకు వల్లించే పేరు మాత్రం "క్రామర్–రావు". వెనక వచ్చినవాడు ముందు నిలిచాడన్నది నిజమే. మరి 1943లోనే ఫ్రాన్సులో ఫ్రెషే ఈ హద్దును ప్రకటించాడన్న సంగతి మన అభిమానులు ఎందుకు చెప్పరు? న్యాయం మన ఊరి పొలిమేర దగ్గరే ఆగిపోతుందా?

అదే వ్యాసంలో, ఉన్న అంచనాను మెరుగుపరచే మరొక ఫలితముంది. 1947లో అమెరికాలో డేవిడ్ బ్లాక్‌వెల్ దాన్ని స్వతంత్రంగా సాధించాడు. ఆ పద్ధతిని బ్లాక్‌వెల్ పేరుతోనే పిలవడమెందుకని అడిగితే, వినసొంపుగా ఉంటుందని జవాబు వచ్చిందట. ఇది రావు స్వయంగా చెప్పిన మాట. అన్యాయమే. కాని ఆ బ్లాక్‌వెల్ ఎవరు? నల్లవాడన్న కారణంగా, ఆనవాయితీగా ఇచ్చే గౌరవ స్థానం ఇవ్వడానికి సైతం 1941లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయాధ్యక్షుడు అభ్యంతరపెట్టిన మనిషి! వలస దేశపు యువకుణ్ణీ, నల్లజాతి యువకుణ్ణీ కోడిపుంజుల్లా బరిలోకి దింపి చప్పట్లు కొట్టడం అభ్యుదయమా?

"శాస్త్రానికి పేర్లెందుకు?" అనే పెద్దమనుషులు వేరే ఉన్నారు. అది పేరున్నవాడు చెప్పే వేదాంతం. పేరు వెంట కొలువూ, డబ్బూ, గౌరవమూ నడుస్తాయి. శ్రమకు కూలి అడగడం ఎంత న్యాయమో, పేరు అడగడమూ అంతే న్యాయం. అయితే లెక్క పూర్తిగా అడగాలి.

పూర్తి లెక్కలో ఇంకొక పేరుంది. పెద్ద నమూనాలకు ఫిషర్ చెప్పినటువంటిది చిన్న నమూనాలకూ సాధ్యమా అని కలకత్తా తరగతిలో అడిగినవాడు దండేకర్ అనే విద్యార్థి. ఆ రాత్రి కూర్చుని రావు జవాబు సాధించాడు. ఈ సంగతి దాచకుండా లోకానికి చెప్పిందీ ఆయనే. ఆ దండేకరే నీలకంఠ రథ్‌తో కలిసి 1971లో భారతదేశపు పేదరికాన్ని లెక్కగట్టిన గ్రంథం తెచ్చాడు. సిద్ధాంతం పేరులో మాత్రం అతని ప్రశ్నకు చోటు లేదు.

మదనపల్లెలో, పుంగనూరులో, కుప్పంలో పాఠం చెప్పే మనం తేల్చుకోవలసిన తగవు ఇదే. "అది సిలబస్‌లో లేదు, కూర్చో" అన్న ప్రతిసారీ మనం ఒక దండేకర్ నోరు మూస్తున్నాం. రావుకు దక్కని పేరు కోసం కన్నీరు కార్చే ఉపాధ్యాయుడు, ముందు తన తరగతిలో లేచి నిలబడ్డ పిల్లవాడి ప్రశ్న వినాలి.