తల ఎత్తితే

ప్రయాణమంటే మా ఇంట్లో ముందు సర్దేది బట్టలు కాదు, ఛార్జర్లు. నలుగురికీ నాలుగు ఫోన్లు, ఐదు ఛార్జర్లు. ఐదోది ఎందుకంటే, ఏదో ఒకటి ఎలాగూ పోతుంది గనకట! మా అమ్మకు మాత్రం ఫోను లేదు.

మొన్న సంక్రాంతి సెలవుల్లో భీమిలి వెళ్దామనుకున్నప్పుడు నేనో షరతు పెట్టాను. మూడు రోజులూ ఫోన్లన్నీ పెట్టెలో ఉండాలి. అవసరానికి మా ఆవిడ ఫోను ఒక్కటే బయట ఉంటుంది. అదైనా మోగితేనే తియ్యాలి.

"మీది కూడానా నాన్నా?" అంది మా అమ్మాయి.

"ముందు నాదే!" అన్నాను, హరిశ్చంద్రుడికి తమ్ముడిలా.

విశాఖపట్నంలో రైలు దిగి, సముద్రం వెంబడి బస్సులో బయల్దేరాం. ఋషికొండ, ఎర్రమట్టి దిబ్బలు దాటితే భీమిలి. గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు. 1861లోనే మునిసిపాలిటీ అయిన పాత ఊరు. వర్తకానికి వచ్చిన డచ్చివారిలో కొందరు ఈ మట్టిలోనే కలిసిపోయారు. వారి సమాధులు ఇంకా ఉన్నాయి. ఇదంతా పిల్లలకు చెబుతూ ఉంటే నా కుడిచెయ్యి దానంతటదే జేబులోకి పోయింది. జేబు ఖాళీ! సాయంత్రంలోగా అలా పదిహేడుసార్లు పోయిందని మా ఆవిడ లెక్క చెప్పింది. వేరుశనక్కాయల కుర్రాడు డబ్బుకోసం చుక్కల గళ్ల అట్ట చూపిస్తే, పది రూపాయల నోటు తీసిచ్చాను. వాడు నన్ను వింతగా చూశాడు.

ఆ రాత్రి అందరూ నిద్రపోయాక, కాలేజీ గ్రూపులో ప్రిన్సిపాలుగారు ఏమైనా పెట్టారేమోనని మెల్లగా పెట్టె మూత ఎత్తాను. దుప్పటిలోంచి మా అబ్బాయి గొంతు వినిపించింది: "ముందు నాదే!" మూత వేసి పడుకున్నాను.

మర్నాటి సాయంత్రం అందరం ఇసుకలో గుండ్రంగా కూర్చున్నాం. మా అమ్మకు చెవులు మందగించి రెండేళ్లయింది. ఇంట్లో మాట బాగా తగ్గించింది. పెద్దతనం అనుకుని ఊరుకున్నాం. అలాంటిది, దూరంగా వల లాగుతున్న జాలరులను చూస్తూ ఉన్నట్టుండి మొదలుపెట్టింది. పెళ్లయిన కొత్తలో, ఎండాకాలంలో, మా నాన్నగారితో ఇక్కడికే వచ్చిందట. ఆమె చెప్పు ఒకటి కెరటం పట్టుకుపోయింది. నాన్నగారు తన జోళ్లు ఆమెకిచ్చి, కాలే ఇసుకలో గెంతుకుంటూ నడిచారట. ఎంతో గంభీరంగా ఉండే మా నాన్నగారు గెంతటం! నాకే తెలియని సంగతి. పిల్లలు పడీపడీ నవ్వారు. ప్రశ్నమీద ప్రశ్న వేశారు. అన్నిటికీ సరిగ్గా జవాబు చెప్పింది.

నాకు ఆశ్చర్యం వేసింది. "ఇంట్లో వినపడనిది, ఈ హోరులో ఎలా వినపడుతోందే అమ్మా?" అన్నాను.

"వినపడటం లేదురా. మీ మొహాలు కనపడుతున్నాయి. పెదవులు చూసి పోల్చుకుంటున్నాను. ఇంట్లో మీరంతా తల వంచుకుని మాట్లాడతారు. ఎవరు ఏమన్నారో తెలియదు. మళ్లీ మళ్లీ అడిగితే విసుక్కుంటారని ఊరుకుంటాను" అంది. నిష్ఠూరంగా అనలేదు. మామూలుగానే చెప్పింది.

ఫోనువల్ల కళ్లు పాడవుతాయనీ, చదువు పాడవుతుందనీ పిల్లలకు ఎన్నిసార్లు ఉపన్యాసమిచ్చానో! మా అమ్మకు మిగిలిన ఆ కాస్త వినికిడినీ మేమే లాగేసుకున్నామని ఒక్కనాడూ తోచలేదు.

ఇంటికి రాగానే ఆమెను చెవుల డాక్టరుకు చూపించాం. రెండేళ్లనాడే చెయ్యవలసిన పని. ఫోన్లు మానేశామని కొయ్యను. కాలేజీ గ్రూపు ఎక్కడికీ పోలేదు. కాని రాత్రి భోజనాల వేళ అవన్నీ బీరువామీద ఉంటున్నాయి. నేను మరిచిపోతే, "నాన్నా, మామ్మ మాట్లాడుతోంది" అని మావాడు గుర్తుచేస్తున్నాడు.

మీ ఇంట్లో పెద్దవారు ఈమధ్య మాట తగ్గించారా? వారి చెవులను అనేముందు, మన మెడలు ఎటు వంగి ఉన్నాయో ఒకసారి చూసుకుందాం.